ముందు పని చెప్పండి, తర్వాత డిస్క్ అడగండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. జనం సీటీసీ అంటారు. కంప్యూటర్ సామాన్లకు జంటనగరాల్లో పేరుపడ్డ చోటు. అక్కడ ఏ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడ్డా ఇంచుమించు ఒకే సంభాషణ వినిపిస్తుంది. “అన్నా, మంచి హార్డ్ డిస్క్ ఒకటి చూపించు.” “ఎంత టీబీ?” “ఎంతలో వస్తది?” అంతే, బిల్లు చేతికొస్తుంది. దేనికోసమో కొనేవాడు చెప్పడు, అమ్మేవాడు అడగడు.

ఇలా కొన్నందువల్లే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు, కిరాణా కొట్టు యజమాని, బీటెక్ కుర్రాడు, మనవరాలి ఫొటోలు దాచుకుందామనుకునే రిటైర్డ్ మాస్టారు, నలుగురూ ఒకే రకం డబ్బా పట్టుకుని ఇంటికెళ్తారు. వాళ్ల అవసరాలకు పొంతనే లేదు. ఒకరికి వేగం కావాలి. ఒకరికి రాత్రీ పగలూ ఆగకుండా రాసే ఓపిక కావాలి. ఇంకొకరికి బీరువాలో ఏళ్ల తరబడి పడున్నా పెట్టినది పెట్టినట్టు తిరిగివ్వాలి. ఇవన్నీ ఒకే డిస్క్‌లో, మీరనుకున్న ధరకు దొరకవు.

షాపు గడప తొక్కే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో పెట్టేది పోతే మళ్లీ దొరుకుతుందా? దీన్ని రోజూ తెరుస్తానా, ఏడాదికోసారి తెరుస్తానా? బ్రాండు, రంగు, ఆఫరు, బావమరిది సలహా అన్నీ వీటి తర్వాతే.

మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది తప్పించుకుంటారు. ఏది ముఖ్యమో, ఏది చెత్తో తేల్చడం బాధ. ఆ బాధ పడలేక పెద్ద డిస్క్ కొంటారు. 1 టీబీ నిండితే 2, అది నిండితే 5. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు, పాత సాఫ్ట్‌వేర్ సెటప్‌లు, వాట్సాప్‌లో వచ్చిన శుభోదయాలు, వాటి మధ్య ఎక్కడో నాన్నగారి చివరి వీడియో. అన్నింటికీ ఒకే ఫోల్డరు, ఒకే మర్యాద. ‘న్యూ ఫోల్డర్ (2)’ అని పేరు కూడా పెట్టేసి ఉంటారు. ఒక ఆదివారం పూట కూర్చుని మళ్లీ దొరికేవాటిని ఒకవైపు, దొరకనివాటిని ఇంకోవైపు వేయండి. దొరకనివి ఎంత తక్కువ చోటు పడతాయో చూసి ఆశ్చర్యపోతారు. చాలా ఇళ్లలో అవి 500 జీబీ కూడా దాటవు. ఖర్చూ జాగ్రత్తా పెట్టాల్సింది వాటి మీద. మిగతాది పోయినా ఓ పూట విసుక్కుని మర్చిపోతారు.

రోజూ తెరిచేదానికి

రెండో ప్రశ్నకు ‘రోజూ’ అన్నది మీ జవాబైతే ఎస్‌ఎస్‌డీ కొనండి. ఇందులో వాదనకు చోటు లేదు. పాతకాలపు హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరిగే పళ్లేలుంటాయి. వాటి మీద ఒక చేయి అటూ ఇటూ కదిలి కావలసిన చోటు వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకు పది మిల్లీ సెకన్ల వరకు పడుతుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ విండోస్ తెరుచుకోవాలంటే అలాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేలల్లో జరగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. అదే పని దాదాపు వందో వంతు సమయంలో అయిపోతుంది. పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి టీ పెట్టుకొచ్చే అలవాటు ఉన్నవాళ్లు కొత్తది కొనే ముందు లోపలి హార్డ్ డిస్క్ తీయించి సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించి చూడండి. చాలాసార్లు కొత్త ల్యాప్‌టాప్ అవసరమే పడదు.

ఇక్కడొక ఆశ పుడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకంలో మూడో తరానిది 3500, నాలుగో తరానిది 7000 వరకు వెళ్తుంది. అంకె చూడగానే చేయి జేబులోకి పోతుంది. టాలీ, బ్రౌజరు, అనూ స్క్రిప్ట్‌లో డీటీపీ, ఆన్‌లైన్ క్లాసులు, ఇవే మీ పనులైతే 3500కీ 7000కీ తేడా మీకు తెలియనే తెలియదు. 4కే వీడియో ఎడిటింగో, పెద్ద డేటాసెట్లతో కుస్తీయో పడుతున్నవాళ్లకే ఆ డబ్బు గిట్టుబాటు. మిగతావాళ్లు దాన్ని నలుగురిలో చెప్పుకోవడానికే కొంటున్నారు. చెప్పుకోవడానికైనా కొనండి, తప్పు లేదు. కాకపోతే అది అవసరం ఖాతాలో రాసుకోవద్దు. ఇంకోటి, ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ కనబడినంత మాత్రాన అది ఎన్‌వీఎంఈని తీసుకోకపోవచ్చు. కొన్ని పాత మోడళ్లలో అందులో సాటా రకమే పనిచేస్తుంది. మోడల్ నంబరు రాసుకుని వెళ్లండి.

ఎస్‌ఎస్‌డీ రాసీ రాసీ అరిగిపోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. అరుగుతుంది, నిజమే. ఎంత? శాంసంగ్ 870 ఈవో 1 టీబీ రకానికి కంపెనీ ఇచ్చే హామీ 5 ఏళ్లు లేదా 600 టీబీల రాత, ఏది ముందైతే అది. రోజుకు 40 జీబీ రాశారనుకోండి. మామూలు మనిషి అంత రాయడు. అయినా 600 టీబీ పూర్తవడానికి 15,000 రోజులు కావాలి. అంటే 41 ఏళ్లు. ఆ డిస్క్ అరిగేలోపు మీ ఉద్యోగ విరమణ సన్మానం కూడా అయిపోతుంది. లెక్క వేయకుండా భయపడటం, లెక్క వేయకుండా కొనడం రెండూ ఒకే అలవాటు నుంచి వస్తాయి.

దాచి మర్చిపోయేదానికి

వేగంలో అంత గొప్పదైన ఎస్‌ఎస్‌డీ బీరువాలో పెట్టి తాళం వేయడానికి పనికిరాదు. ఇది చాలామందికి తెలియదు. అందులో సమాచారం విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. కరెంటు అందకపోతే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి అంతా వాడుకున్నాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాదిపాటు సమాచారం నిలుపుకోవాలని, చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ చెబుతుంది. కొత్త డ్రైవ్ అంతకంటే చాలాకాలం నిలుపుకుంటుంది. అయినా రామగుండం, రెంటచింతల వేసవిలో డాబా మీది గదిలో ఉన్న ఇనప బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాచి మర్చిపోయేదానికి తిరిగే హార్డ్ డిస్కే మేలు. అందులో రాత అయస్కాంత రూపంలో ఉంటుంది, టీబీకి ధరా తక్కువ. దాని బలహీనత వేరే. కదిలే భాగాలున్నాయి కాబట్టి ఏళ్లకేళ్లు కదిలించకపోతే మొరాయించవచ్చు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కనెక్ట్ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి మళ్లీ పెట్టేయండి. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు అది గుర్తుకొస్తే చాలు.

దేన్ని దేనిమీద దాచాలన్న ఆలోచన మనకు కొత్తేమీ కాదు. తాళ్లపాకవారి కాలానికి తాటాకు చేతికి అలవాటైన సరుకు, చవక. అయినా తండ్రి అన్నమాచార్యుల సంకీర్తనలను పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు. అవి తిరుమల ఆలయంలోని భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండబట్టే ఇవాళ మనం పాడుకుంటున్నాం. రోజువారీ రాతకు ఒకటి, నిలవాల్సినదానికి ఇంకొకటి అని ఆ ఇంట్లో ఎవరో నిర్ణయం తీసుకున్నారు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. అందులో సగానికి పైగా మనకు దక్కలేదు. ఎంత గట్టి సరుకు మీద రాసినా ఒకే ప్రతిని నమ్ముకోకూడదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముహూర్తం మళ్లీ రాదు

డిస్కుల ఎంపికలో అన్ని పాఠాలూ ఒకేచోట కావాలంటే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ పని చూడాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని రెండోసారి తీయలేరు. ఇవాళ ఓ మాదిరి స్టూడియో కూడా 4కే తీస్తోంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోదానిలో అయిదు గంటల రికార్డింగ్ అనుకుందాం. 675 జీబీ. ఒక్క పెళ్లికి. మాఘమాసంలో వరసగా ముహూర్తాలుంటే నెల తిరిగేసరికి ఎన్ని టీబీలవుతాయో మీరే లెక్క వేసుకోండి.

ఈ 675 జీబీని మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించడానికి, సెకనుకు 120 ఎంబీ అనుకున్నా, గంటన్నర పైనే పడుతుంది. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ అయితే ఎగిరిపోతుందని ఫొటోగ్రాఫర్ తమ్ముడు ఖరీదైనది కొంటాడు. తీరా చూస్తే అంతే సమయం. ఎందుకు? కెమెరాలోని మెమరీ కార్డ్ యూహెచ్‌ఎస్-1 రకం. ఆ ప్రమాణం ప్రకారం అది ఎంత గింజుకున్నా సెకనుకు 104 ఎంబీ దాటదు. ఇంకొందరి విషయంలో కార్డ్ మంచిదే, రీడరు పాతది. యూఎస్‌బీ 2.0 పోర్టులో గుచ్చితే ఎంత గొప్ప డిస్క్ అయినా సెకనుకు 40 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. పని ఎక్కడ ఆగుతోందో చూడకుండా కళ్లకు కనబడిన వస్తువును మార్చేయడం డిస్కుల విషయంలోనే కాదు, ఉద్యోగాల్లోనూ చూస్తుంటాం. నివేదిక ఆలస్యమవుతోందని కొత్త కంప్యూటర్ కొనే ఆఫీసులో, ఆ నివేదిక మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి మూడు రోజులుగా సెలవులో ఉంటాడు.

ఆ తమ్ముడికి నా సలహా ఇది. నడుస్తున్న ప్రాజెక్టు ఎడిట్ చేయడానికి ఒక ఎస్‌ఎస్‌డీ. ఎడిటింగ్‌లో టైమ్‌లైన్‌ను అటూ ఇటూ లాగినప్పుడు దాని విలువ తెలుస్తుంది, కాపీ చేసేటప్పుడు కాదు. ఫుటేజీ దాచడానికి రెండు వేర్వేరు హార్డ్ డిస్కులు. రెండింటిలోకీ కాపీ అయి, తెరిచి చూసేదాకా మెమరీ కార్డ్‌ను ఫార్మాట్ చేయొద్దు. కార్డులు చాలకపోతే ఇంకో రెండు కొనండి, డిస్క్ కంటే చవక. హార్డ్ డిస్క్ నడుస్తుండగా కదపొద్దు. తిరిగే పళ్లేనికీ దాని మీద తేలే హెడ్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మంటపంలో ప్లాస్టిక్ కుర్చీ మీద డిస్క్ పెట్టి కాపీ చేస్తుంటే పక్కనుంచి పరిగెత్తే పిల్లలే మీ భవిష్యత్తు. ఇక పెళ్లివారికి ఇచ్చే పెన్‌డ్రైవ్ సంగతి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ వాడండి. వాళ్ల టీవీ పాతదైతే అది చదువుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఎంతకాలం దాచాలో కూడా ముందే కాగితం మీద పెట్టుకోవాలి. “ఆల్బమ్ ఇచ్చిన ఆరు నెలల తర్వాత ఫుటేజీకి మా బాధ్యత లేదు” అని రాసి సంతకం తీసుకునే స్టూడియో సగం డిస్కులతోనే హాయిగా నడుస్తుంది. మొహమాటానికి పోయి ఎనిమిదేళ్ల కిందటి పెళ్లిళ్లు కూడా మోసే స్టూడియో ఏటా డిస్కులు కొంటూనే ఉంటుంది.

ఆగకుండా రాసేదానికి

కొట్టులో సీసీ కెమెరాల డీవీఆర్‌కు డిస్క్ కావాలంటే లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ చదవడం తక్కువ, రాయడం ఎక్కువ. 24 గంటలూ, 365 రోజులూ. డెస్క్‌టాప్ కంప్యూటర్ కోసం చేసిన సీగేట్ బారకూడా స్పెసిఫికేషన్ షీట్ చూడండి. ఏడాదికి 2400 గంటల వాడకం అనుకుని చేసిన డ్రైవ్ అది. ఏడాదికి ఉన్న గంటలు 8760. ఇంట్లో పాతది పడుంది కదా అని డీవీఆర్‌లో బిగించేవాళ్లు దాంతో దాదాపు నాలుగింతల చాకిరీ చేయిస్తున్నారన్నమాట. ఇలాంటి పనికోసమే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి నిఘా డ్రైవ్‌లున్నాయి. కొంచెం ఎక్కువ ధర. దొంగతనం జరిగిన రాత్రే రికార్డింగ్ లేదని తెలియడం కంటే తక్కువ ధర.

ఎంత సైజు? ఊహించొద్దు, గుణించండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86.4. 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకు నిండి పాతదాని మీదే రాయడం మొదలుపెడుతుంది. 2 టీబీ అయితే ఇరవై మూడు రోజులు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచి ఉంచాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతుంది. ఫంక్షన్ హాలో, షోరూమో నడిపేవాళ్లకు 2 టీబీ చాలదని ఈ చిన్న గుణకారమే తేల్చేసింది. 4 టీబీ తీసుకోవాలి. కెమెరా బిగించే కుర్రాడు “1 టీబీ సరిపోద్ది సార్” అంటే, ఎన్ని రోజులకు అని అడగండి. చాలామంది ఆ ప్రశ్న దగ్గరే తడబడతారు.

డబ్బా మీద రాయని సంగతి

ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే ధర ఉన్న రెండు హార్డ్ డిస్కులు లోపల రెండు రకాలుగా రాయవచ్చు. సీఎంఆర్ పద్ధతిలో గీతలు దేనికవి విడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ పద్ధతిలో పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వస్తుంది. చోటు కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైన ఉన్నవాటిని కూడా లేపి మళ్లీ పేర్చాలి కదా, అదే ఇబ్బంది. ఒకసారి రాసి దాచేసే ఫొటోలకు ఎస్‌ఎంఆర్ బాగానే సరిపోతుంది. చేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చాలావరకు ఇప్పుడు అదే రకం. చెరిపి రాసే పని ఎక్కువున్నచోట మాత్రం నీరసించిపోతుంది.

2020లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. నెట్‌వర్క్ స్టోరేజీ కోసమని అమ్మే డబ్ల్యూడీ రెడ్ డ్రైవ్‌లలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ రకమని, ఆ సంగతి కంపెనీ బయటకు చెప్పలేదని వాడకందార్లు పట్టుకున్నారు. ఆ తర్వాతే కంపెనీ ఏ మోడల్ ఏ రకమో జాబితా ఇచ్చింది, సీఎంఆర్ డ్రైవ్‌లను రెడ్ ప్లస్ అని విడిగా అమ్మడం మొదలుపెట్టింది. దాన్ని పట్టుకున్నది పెద్ద పరిశోధకులేమీ కాదు, “ఇది ఎందుకు ఇంత ఆలస్యమవుతోంది?” అని అడిగి, వచ్చిన మొదటి జవాబుతో ఊరుకోని మనుషులు. కొనేటప్పుడు మోడల్ నంబరు పూర్తిగా చదివి, కంపెనీ షీట్‌లో ఆ నంబరు వెతకండి. ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అలాగే 1 టీబీ కొంటే కంప్యూటర్‌లో 931 జీబీయే కనిపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. అసలు మోసం ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా కనబడే 2 టీబీ పెన్‌డ్రైవ్‌లది. లోపల 32 జీబీ చిప్ పెట్టి కంప్యూటర్‌కు 2 టీబీ అని చెప్పిస్తారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత ఫైళ్లు తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డిస్క్ అంతా రాసి, తిరిగి చదివి నిజం చెప్పేస్తుంది. వాపసు గడువు ముగిసేలోపే నడపండి.

ఒక ప్రతి అంటే ప్రతి లేనట్టే

ఎంత బాగా ఎంచుకున్నా డిస్క్ చచ్చిపోతుంది. ఎప్పుడన్నదే తెలియదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా హార్డ్ డ్రైవ్‌లను గమనించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పాడైన డ్రైవ్‌లలో 36 శాతానికి పైగా, వేడిమి లెక్క పక్కనపెడితే, ముందస్తు హెచ్చరిక ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. హెచ్చరిక ఇచ్చినవాటి మీద మాత్రం జాలి చూపకూడదు. మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డ్రైవ్ ఆ తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని అదే పత్రం చెప్పింది. బ్యాడ్ సెక్టార్ కనబడితే “ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే” అనొద్దు. ఆ రోజే కాపీ తీయండి. టక్ టక్ మని శబ్దం వస్తుంటే ఇంట్లో ఎవరినీ ప్రయోగాలు చేయనివ్వకుండా కరెంటు తీసేసి రికవరీవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ బిల్లు చూశాకే చాలామందికి రెండో డిస్క్ ఎంత చవకో అర్థమవుతుంది. వారంటీ ఉందిగా అంటారా? వారంటీ కింద కొత్త డబ్బా ఇస్తారు. అందులో ఉన్నది ఇవ్వరు.

ఇందుకే ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతిని కంప్యూటర్ వాళ్లందరూ పట్టుకున్నారు. మూడు ప్రతులు, రెండు రకాల సరుకు మీద, ఒకటి ఇంటి బయట. చాలామంది మొదటి రెండూ చేసి మూడోది వదిలేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినట్టు మీ ఇంట్లోకీ వస్తే, ఒకే బీరువాలో ఉన్న అసలూ నకలూ రెండూ కలిసే తడుస్తాయి. ఇంటి బయట అంటే క్లౌడే కానక్కర్లేదు. గుంటూరులో ఉండే తమ్ముడి ఇల్లు చాలు. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త ప్రతి ఇచ్చి పాతది తెచ్చుకోండి. పిల్లలు డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటే వాళ్లు వచ్చి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఒక చిన్న డిస్క్ పట్టకపోదు.

రాసినది రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పడేలా రెయిడ్ పెట్టిన బాక్సు ఉంది కదా, నాకు బ్యాకప్ దేనికి అనేవాళ్లుంటారు. రెయిడ్ ఒక డిస్క్ చచ్చినా పని ఆగకుండా చూస్తుంది. అంతవరకే. మీరు పొరపాటున ఫోల్డరు చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ పట్టినా అంతే.

బ్యాకప్ ఉందని అనుకోవడం వేరు, ఉండటం వేరు. 1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఎవరో తప్పు చోట ఒక కమాండ్ నడిపారు. సినిమా ఫైళ్లు కళ్లముందే మాయమవడం మొదలైంది. బ్యాకప్ తీద్దామని చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. ఎవరూ పరీక్షించి చూడలేదు. అదృష్టం కొద్దీ టెక్నికల్ డైరెక్టర్ గ్యాలిన్ సుస్మాన్ అప్పుడే బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తున్నారు. ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చుకున్నారు. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టింది. మీ బ్యాకప్ డిస్క్‌లోంచి ఒక పాత ఫొటో, ఒక వీడియో, ఒక సర్టిఫికెట్ స్కాన్ వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. అవి తెరుచుకుంటేనే మీకు బ్యాకప్ ఉన్నట్టు.

డబ్బు విషయానికొస్తే, చేతిలో ఉన్న మొత్తాన్ని ఒకే పెద్ద డిస్క్ మీద పోయకండి. అదే డబ్బుతో రెండు మామూలువి వస్తే అవే కొనండి. రెండు వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది. ఒకే రోజు, ఒకే బ్యాచ్‌లో తయారైనవి దాదాపు ఒకే సమయంలో మొరాయించవచ్చు. విద్యార్థి అయితే ల్యాప్‌టాప్‌లో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, పక్కన 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌తో చదువంతా గడిపేయవచ్చు. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం మూడోచోట కూడా ఉంచుకోవాలి. వైవా ముందురోజు రాత్రి పెన్‌డ్రైవ్ కరప్ట్ అయిందన్న మాట విని విని మాస్టార్లకు చెవులు మొద్దుబారాయి.

కొన్న ప్రతి డిస్క్ మీదా చీటీ అంటించండి. అందులో ఏముంది, ఏ ఏడాదిది, ఇది అసలా నకలా. వేల్స్ దేశంలోని న్యూపోర్ట్‌లో జేమ్స్ హౌవెల్స్ అనే అతని బిట్‌కాయిన్ తాళం ఉన్న ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ 2013లో చెత్తకుప్పకు పోయింది. అందులో దాదాపు 8 వేల బిట్‌కాయిన్లు ఉన్నాయంటాడు. దాన్ని తవ్వుకోనివ్వండని ఏళ్ల తరబడి మునిసిపాలిటీతో పోరాడాడు. 2025 జనవరిలో హైకోర్టు అతని దావా కొట్టేసింది. సొరుగులో ఒకేలా ఉండే రెండు డిస్కుల్లో పారేయాల్సిన దానికి బదులు ఉంచుకోవాల్సింది పోయింది, అంతే జరిగింది.

పాత డిస్క్‌ను వదిలించుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. క్విక్ ఫార్మాట్ కొట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేయొద్దు. అది జాబితాను మాత్రమే చెరుపుతుంది, ఫైళ్లు అక్కడే ఉంటాయి. తెలిసినవాడు వాటిని బయటికి తీయగలడు. హార్డ్ డిస్క్ పనిచేస్తుంటే క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, గంటలు పట్టినా సరే. ఎస్‌ఎస్‌డీ అయితే కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అది వాడండి. పనిచేయని హార్డ్ డిస్క్ అయితే డ్రిల్లింగ్ మెషిన్‌తో పళ్లేల గుండా రెండు మూడు రంధ్రాలు వేయించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు ఏ ఫోల్డర్‌లో పడేశారో మీకే గుర్తుండదు.